తగ్గింపు ధరకు వచ్చిన జపాన్ వంటకత్తి: కొనాలా వద్దా తేల్చుకోవడం ఎలా

నేను కొన్న మొదటి జపాన్ కత్తి సగం ధరకు వచ్చింది. అద్దంలా మెరిసే సంతోకు (పొట్టి రకం వంటకత్తి), రెండు వైపులా నీటి అలల్లాంటి గీతలు, చక్కటి చెక్కపెట్టె. టమాటా మీద ఆనించగానే దిగిపోయింది. సంబరపడ్డాను. మర్నాడు క్యారెట్ కోశాను. సగం దాకా దిగాక 'టక్' మని చప్పుడు చేసి ముక్క ఎగిరి అవతల పడింది. ముక్క తెగలేదు, చీలింది. కోసిన ముఖాన్ని వేలితో తడిమితే విరిచినట్టు గరుగ్గా ఉంది. పదును చాలలేదేమోనని సాన పట్టాను. పదును పెరిగింది గానీ చప్పుడు పోలేదు. తప్పంతా వాదరకు కాస్త పైన ఉన్న మందంలో ఉందని తెలియడానికి నాకు ఆరు నెలలు పట్టింది. గీతలు చూశాను, పెట్టె చూశాను, ఎంత తగ్గించారో చూశాను. చూడాల్సిన చోటు మాత్రం చూడలేదు.

ఆ తర్వాత ఆఫర్‌లో కనిపించిన ఏ కత్తినైనా ఒక వరుసలో పరీక్షిస్తున్నాను. ఆ వరుసే ఇక్కడ రాస్తున్నాను. ముందు నాలుగు మాటలు గుర్తుపెట్టుకోండి: కోసే అంచు వాదర, దానికి ఎదురుగా పైన ఉండే మందపాటి అంచు వీపు, పిడి దగ్గర వాదర మొదలయ్యే మూల మడమ, చివర ఉండేది మొన.

1. ధర ఎందుకు తగ్గిందో కనుక్కోండి

మంచి కత్తి ధర తగ్గడానికి నిజమైన కారణాలు చాలానే ఉంటాయి. కంపెనీ ఆ సిరీస్‌ను ఆపేసి ఉండొచ్చు. పెట్టె నలిగి ఉండొచ్చు, షోకేసులో పెట్టిన పీసు కావచ్చు. అందరూ 210 మిల్లీమీటర్లది అడిగితే 270ది మిగిలిపోయి ఉండొచ్చు. ఎడమచేతి వాటం వాళ్ల కోసం చేసిన కత్తికి కొనేవాళ్లు దొరక్క ఉండొచ్చు. పైపూతలో చిన్న గీత పడి ఉండొచ్చు. వీటిలో ఏది కారణమైనా కత్తి పనితనంలో లోపం ఉన్నట్టు కాదు. అమ్మేవాళ్లను నేరుగా అడగండి. నిజమైన కారణం ఉన్న దుకాణం ఒక్క వాక్యంలో చెప్పేస్తుంది.

గీటు కొట్టి పక్కన వేసిన పాత ధరను మాత్రం లెక్కలోకి తీసుకోకండి. ఆ ధరకు ఆ కత్తిని ఎవరూ ఎప్పుడూ కొని ఉండకపోవచ్చు. కత్తి మోడల్ నంబరు తీసుకుని, అదే నంబరు మరో మూడు నాలుగు చోట్ల ఎంతకు దొరుకుతోందో చూడండి. కుదిరితే జపాన్‌లో తయారీదారు యెన్‌లలో పెట్టిన ధరను మీ డబ్బులోకి మార్చి, రవాణా ఖర్చు, దిగుమతి సుంకం కలిపి పోల్చండి. అసలు తగ్గింపు ఎంతో అప్పుడు తెలుస్తుంది.

ఇక్కడ ఒక చిక్కుంది. ఒకే బ్రాండు పేరు మీద నాలుగైదు సిరీస్‌లు ఉంటాయి. వాటిలో ఉక్కు వేరు, పనితనం వేరు, పిడి వేరు. ఖరీదైన సిరీస్ ఫొటోలు చూసి మోజుపడి, చౌక సిరీస్‌ను 'తగ్గింపు'లో కొనేవాళ్లు చాలామంది. పేరు చూసి ఆగిపోకండి, నంబరు చూడండి.

గంటలు, నిమిషాలు లెక్కపెడుతూ తరిగిపోయే గడియారం కనిపిస్తే నేను ఆ పేజీ మూసేస్తాను. చేత్తో కొలిమి దగ్గర కొట్టిన కత్తులు తక్కువ సంఖ్యలో తయారవుతాయి, పేరున్న కమ్మరివి తగ్గింపు లేకుండానే అమ్ముడుపోతాయి. అలాంటి కత్తి మీద 70 శాతం తగ్గింపు అని రాసి ఉంటే అనుమానించాల్సిందే. 15, 20 శాతం మాత్రం నమ్మదగ్గ మాట.

2. అది జపాన్‌లో తయారైందో లేదో తేల్చుకోండి

జపాన్‌లో వంటకత్తులకు పేరున్న ఊళ్లు కొన్నే. గిఫు ప్రిఫెక్చర్‌లోని సేకి, ఒసాకా పక్కన సకాయి, ఫుకుయిలోని ఎచిజెన్, నీగాతాలోని సంజో, త్సుబామె, షికోకు దీవిలోని తోసా. సేకి పూర్వం ఖడ్గాలకు పేరుపొందిన ఊరు, ఇప్పుడు పెద్ద ఫ్యాక్టరీలు అక్కడున్నాయి. సకాయిలో పని పంచుకుని చేస్తారు: ఉక్కు కాచి కొట్టేది ఒకరు, సాన పట్టి వాదర తీసేది ఇంకొకరు, పిడి బిగించేది మరొకరు. అందుకే సకాయి కత్తి గురించి తెలిసిన దుకాణాలు కమ్మరి పేరుతో పాటు సాన పట్టినవారి పేరు కూడా చెబుతాయి. ఎచిజెన్ కత్తుల తయారీకి 1979లోనే జపాన్ ప్రభుత్వం సంప్రదాయ చేతిపనిగా గుర్తింపు ఇచ్చింది.

అమ్మేవాళ్లు ఊరి పేరు, తయారీదారు పేరు, ఉక్కు పేరు మూడూ చెప్పాలి. 'జపనీస్ స్టైల్', 'జపాన్ టెక్నాలజీ', 'ప్రీమియం హై కార్బన్ స్టీల్' లాంటి మాటలు తప్ప ఇంకేమీ లేకపోతే అక్కడికి ఆగిపోండి. చైనాలోని యాంగ్‌జియాంగ్‌లో కత్తుల పరిశ్రమ చాలా పెద్దది. అక్కడ '10సీఆర్15కోమోవీ' అనే ఉక్కు వాడతారు, దాని మిశ్రమం జపాన్ కత్తుల్లో ఎక్కువగా కనిపించే వీజీ10 అనే ఉక్కుకు దగ్గరగా ఉంటుంది. ఆ ఊళ్లోనూ మంచి కత్తులు తయారవుతున్నాయి, వాటిని చిన్నచూపు చూడనక్కర్లేదు. కానీ అలాంటి కత్తి మీద జపాన్ అక్షరాలు చెక్కి, జపాన్ కత్తి ధరకు గీటు కొట్టి 'సగం ధర' అంటే అది మోసమే.

అలల గీతల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. డమాస్కస్ అని పిలిచే ఈ గీతల కత్తుల్లో చాలావాటికి మధ్యలో ఒక గట్టి ఉక్కు పలక, దానికి రెండు వైపులా మెత్తటి ఉక్కు పొరలు ఉంటాయి. గీతలు ఆ పై పొరలవి. కోసేది మధ్య పలక. కాబట్టి 67 పొరలున్నా 33 పొరలున్నా కోతలో తేడా రాదు. కొన్ని చౌక కత్తులకు గీతలను లేజర్‌తో పైన చెక్కేస్తారు. నిజమైన పొరలైతే గీతలు వాదర దగ్గరకు వచ్చేసరికి ఆగిపోయి, ఎగుడుదిగుడు సరిహద్దు తర్వాత సాదా ఉక్కు కనిపిస్తుంది. అచ్చు కొట్టిన గీతలు చాలావరకు ఒకే నమూనాలో మళ్లీ మళ్లీ వస్తాయి.

3. ఉక్కు పేరు చదివి, మీ అలవాట్లతో పోల్చండి

కార్బన్ ఉక్కుల్లో ఎక్కువగా వినిపించేవి షిరోగామి, అవోగామి. తెల్లకాగితం, నీలికాగితం అని అర్థం. ఉక్కు రంగుకూ ఈ పేర్లకూ సంబంధం లేదు, ఫ్యాక్టరీలో ఏ రకం ఏదో తెలియడానికి వాడిన కాగితం రంగును బట్టి వచ్చాయి. షిమానెలోని యాసుగిలో తయారవుతాయి. ఆ కంపెనీ నిన్నమొన్నటి దాకా హిటాచి మెటల్స్, 2023 నుంచి ప్రొటీరియల్. షిరోగామిలో ఇనుము, కార్బన్ తప్ప మరేమీ పెద్దగా ఉండవు కాబట్టి సానరాయి మీద తొందరగా పదునెక్కుతుంది. అవోగామిలో కొద్దిగా క్రోమియం, టంగ్‌స్టన్ కలుపుతారు, పదును ఎక్కువ రోజులు నిలుస్తుంది. రెండింటికీ తుప్పు పడుతుంది. నిమ్మకాయ కోసి సింకులో పడేసి వెళ్లిపోతే తిరిగొచ్చేసరికి మచ్చ పడి ఉంటుంది.

తుప్పు పట్టని వాటిలో వీజీ10 అన్నింటికంటే ఎక్కువ కనిపిస్తుంది. ఎచిజెన్‌లోని తకెఫు స్పెషల్ స్టీల్ తయారుచేస్తుంది. సుమారు 1 శాతం కార్బన్, 15 శాతం క్రోమియం, కొంచెం కోబాల్ట్ ఉంటాయి. గింగామి 3, దాన్నే గిన్‌సాన్ అంటారు, స్టెయిన్‌లెస్ అయినా రాయి మీద కార్బన్ ఉక్కులా నడుస్తుంది. ఇంట్లో ఒక్క కత్తి కొనాలనుకునే వాళ్లకు నేను చెప్పే ఉక్కు ఇదే. వీటికి పైమెట్టు, లోహపు పొడిని ఒత్తి తయారుచేసే ఉక్కులు: ఎస్‌జీ2, ఆర్2, జెడ్‌డీపీ189. పదును చాలాకాలం నిలుస్తుంది, పోయాక తిరిగి తెచ్చుకోవడానికి ఓపిక కావాలి.

గట్టిదనాన్ని రాక్‌వెల్ స్కేలు మీద చెబుతారు. మామూలు పాశ్చాత్య షెఫ్ కత్తి 55 నుంచి 58 దగ్గర ఉంటుంది. వీజీ10 సుమారు 60, 61. షిరోగామి 61 నుంచి 63. ఎస్‌జీ2 ఇంకాస్త పైన. జెడ్‌డీపీ189 65 దాటుతుంది. గట్టిదనం పెరిగిన కొద్దీ వాదరను పలచగా తీయొచ్చు, పలచగా తీసిన వాదర ఎక్కువ రోజులు నిలబడుతుంది. కానీ మెత్తటి ఉక్కు వాదర దెబ్బ తగిలితే ఒరుగుతుంది, గట్టి ఉక్కు వాదర పెచ్చులూడుతుంది. జపాన్‌లో తయారైనంత మాత్రాన ప్రతి కత్తీ ఇంత గట్టిగా ఉండదు. నీగాతాలో తయారయ్యే గ్లోబల్ కత్తులు 58 లోపే ఉంటాయి. అందుకే ఊరి పేరు ఒక్కటీ చాలదు, అంకె కూడా అడగండి.

ఇప్పుడు మీ వంటింటి గురించి నిజాయితీగా ఆలోచించండి. కత్తితో ఎముకలు నరుకుతారా? ఫ్రీజర్‌లోంచి తీసిన గడ్డను కోస్తారా? కత్తి మొనతో డబ్బా మూత తీస్తారా? ముక్కలను బోర్డు మీద నుంచి వాదరతో అడ్డంగా గీకి గిన్నెలో వేస్తారా? ఇంట్లో ఒక్కరికి ఈ అలవాటున్నా 62 దాటిన కత్తి వాదర నెల తిరిగేసరికి రంపంలా అవుతుంది. అలాంటి ఇంట్లో 58 కత్తే మేలు, ఎంత తగ్గించినా సరే.

4. ఆకారం, పొడవు

గ్యూతో అనేది అన్ని పనులకూ పనికొచ్చే పొడవాటి కత్తి, 210 లేదా 240 మిల్లీమీటర్లు. సంతోకు దానికంటే పొట్టిది, 165 నుంచి 180. నకిరి చదునుగా ఉండి కూరగాయలకు బాగుంటుంది. పెట్టీ అనేది చిన్న కత్తి, చిన్న పనులకు. ఈ నాలుగింటికీ మామూలుగా రెండు వైపులా వాదర తీస్తారు.

యానాగిబా, దెబా, ఉసుబా వేరే జాతి. ఒకవైపే వాదర తీస్తారు, వెనకవైపు లోపలికి పల్లంగా ఉంటుంది. పచ్చి చేపను పలచగా కోయడానికి యానాగిబా, చేపను విడదీయడానికి దెబా. ఆ పనులు చేయని ఇంట్లో ఇవి ఊరికే పడి ఉంటాయి. పైగా కోత ఒక పక్కకు లాగుతుంది, సాన పట్టే పద్ధతి కూడా వేరు. ఎడమచేతి వాటం వాళ్లకు కుడిచేతి కత్తి పనికిరాదు. తగ్గింపులో ఇవి తరచూ కనిపించడానికి ఇదొక కారణం అనుకుంటాను: ముచ్చటపడి కొనేవాళ్లున్నారు, వాడేవాళ్లు తక్కువ.

5. వాదర వెనక మందం చూడండి

నన్నడిగితే మిగతా మెట్లన్నీ కలిపి ఎంతో ఇదొక్కటే అంత. ఎంత మంచి ఉక్కైనా వాదర వెనక లావుగా ఉంటే కట్టెలు చీల్చే చీలలా పనిచేస్తుంది, అంటే ముక్కను కోయకుండా విడగొడుతుంది. నా క్యారెట్ చీలింది అందుకే. వాదరకు ఒక మిల్లీమీటరు పైన మంచి గ్యూతో కత్తికి సుమారు పావు మిల్లీమీటరు మందమే ఉంటుంది. అదే చోట అర మిల్లీమీటరు దాటితే గట్టి కూరగాయల్లో తేడా చేతికి తెలుస్తుంది.

కత్తి చేతిలో ఉంటే వీపు వైపు నుంచి బొటనవేలు, చూపుడువేలు చెరో పక్క ఆనించి మెల్లగా వాదర వైపు దించండి. వేళ్లు ఒకదానికొకటి దగ్గరవుతూ వస్తాయి. వాదరకు అర సెంటీమీటరు దూరంలో ఆపేయండి. ఆ చోట వేళ్ల మధ్య ఏదో పలకను పట్టుకున్నట్టు అనిపిస్తే కత్తి లావు. దాదాపు ఏమీ లేనట్టు, కాగితం పట్టుకున్నట్టు అనిపిస్తే సరైన పనితనం. రెండు మూడు కత్తులు పక్కపక్కన పెట్టి ఇలా చేసి చూస్తే చాలు, తేడా ఇక మరిచిపోలేరు.

ఆన్‌లైన్‌లో కొంటున్నట్టయితే మడమ వైపు నుంచి నేరుగా తీసిన ఫొటో అడగండి. కత్తిని మొన అవతలికి పెట్టి, మడమ దగ్గర వీపు నుంచి వాదర దాకా ఉన్న అడ్డకోత కనిపించాలి. ఆ ఆకారం సన్నగా, పొడవుగా సాగిన ఈటెలా ఉండాలి. పైన లావుగా ఉండి, చివర్లో హఠాత్తుగా కిందికి వాలితే అది నేను కొన్న కత్తికి చుట్టం. మంచి దుకాణాలు ఈ ఫొటోను ముందే పెడతాయి, లేకపోతే అడిగితే పంపుతాయి. అస్సలు పంపమంటే నేను కొనను.

తర్వాత కత్తి నిటారుగా ఉందో లేదో చూడండి. పిడిని కంటి దగ్గర పెట్టుకుని, వీపు మీదుగా మొన వైపు చూడండి. తుపాకీ గురి చూసినట్టు. చేత్తో చేసిన కత్తిలో వెంట్రుకవాసి వంపు మామూలే. చేయి చాచినంత దూరం నుంచే తెలిసిపోయే వంపు మాత్రం వద్దు. మెత్తటి పై పొరలున్న కత్తిని తెలిసినవాళ్లు సరిచేయగలరు గానీ, హోన్యాకి అనే ఒంటి ఉక్కు కత్తిని వంచబోతే విరిగే ప్రమాదముంది.

ఇంకో పరీక్షకు బల్ల దీపం చాలు. చదునైన బోర్డు మీద వాదరను నిలబెట్టి, వెనక దీపం పెట్టండి. మడమ నుంచి మొన దాకా కత్తిని మెల్లగా దొర్లించండి. వాదర బోర్డుకు ఆనిన చోట కూడా సన్నటి వెలుతురు చీలికలా కనబడితే అక్కడ వాదరను ఎక్కువ అరగదీశారన్నమాట. అక్కడ కోసిన ముక్కలు విడిపోకుండా దండలా వేలాడతాయి. చిన్న గుంట అయితే నాలుగైదుసార్లు సాన పట్టేసరికి పోతుంది. మడమ దగ్గర పెద్ద గుంట ఉంటే పోగొట్టడానికి కత్తిలో చాలా భాగం అరగదీయాలి.

6. షోకేసు పీసు, వాడిన కత్తి అయితే

వాదరను పైకి తిప్పి దీపం కింద పట్టుకోండి. పదునైన వాదర వెలుతురును తిప్పికొట్టదు, నల్లటి గీతలా కనిపిస్తుంది. ఎక్కడైనా చుక్కలా మెరిస్తే అక్కడ గంటు పడింది, లేదా మొద్దుబారింది. తర్వాత చిన్న దూది ముక్కను వీపు వైపు నుంచి కిందికి తెస్తూ వాదర మీద తేలిగ్గా లాగండి. గంటున్న చోట పోగు చిక్కుకుంటుంది. అర మిల్లీమీటరు గంటు సానరాయి మీద పోతుంది. 2 మిల్లీమీటర్ల గంటు పోవాలంటే మొత్తం వాదరను అంత లోతుకు దించాలి, ఆ తర్వాత వాదర వెనక లావెక్కుతుంది, అక్కడా పలచన చేయాలి. ఆ పనికి ఇచ్చే డబ్బు చాలాసార్లు తగ్గింపును మింగేస్తుంది.

కార్బన్ కత్తి మీద నీలం, బూడిద రంగు మరకలు ఉంటే భయం లేదు, వాడకంతో వచ్చే రంగు అది. ఎర్రటి పొడి తుప్పు పైపైన ఉంటే పోతుంది. వాదర దగ్గర గుంటలు పడేలా తిన్న తుప్పు ఉంటే మాత్రం వద్దు. ఒకవైపు వాదర కత్తి అయితే వెనక ఉన్న పల్లాన్ని చూడండి. ఎవరో తెలియక ఆ వైపు చదునుగా సాన పట్టి పల్లాన్ని అరగదీసి ఉంటే దాన్ని మళ్లీ తెచ్చుకోవడం చాలా కష్టం.

అమ్మేవాళ్లు చెప్పిన మోడల్‌కు మడమ దగ్గర వెడల్పు ఎంత ఉండాలో చూసి, ఈ కత్తికి ఎంత ఉందో కొలవండి. నాలుగైదు మిల్లీమీటర్లు తగ్గి ఉంటే కత్తి చాలా ఏళ్లు బతికిందని లెక్క.

7. పూర్తి ఖర్చు కట్టండి

ఇలాంటి కత్తికి కనీసం ఒక సానరాయి కావాలి. 1000 గ్రిట్ (రాయి ఎంత గరుకో చెప్పే అంకె) రాయి ఒక్కటి ఉంటే ఇంటి పని నడుస్తుంది, తర్వాత 3000 నుంచి 6000 మధ్య ఇంకొకటి కొనొచ్చు. రాయి మధ్యలో అరిగి గుంట పడుతుంది కాబట్టి దాన్ని చదును చేసే సాధనం కూడా కావాలి. చక్రాల మధ్య లాగి పదును పెట్టే యంత్రాలు ఈ వాదరను చిదిమేస్తాయి. గాడులున్న ఉక్కు కడ్డీ కూడా గట్టి ఉక్కుకు మంచిది కాదు. గాజు, రాయి, స్టీలు పలకల మీద కోయకూడదు, మెత్తటి చెక్క బోర్డో రబ్బరు బోర్డో ఉండాలి. డిష్‌వాషర్‌లో పెట్టకూడదు.

రాయి మీద పదును పెట్టడం మీకు రాదా? నేర్చుకోవచ్చు, కష్టమైన విద్య ఏమీ కాదు. మొదట పాత చౌక కత్తి మీద చేయి తిప్పుకోండి. నేర్చుకునే ఉద్దేశం లేకపోతే, రాయి మీద చేత్తో పదును పెట్టే మనిషి మీకు అందుబాటులో ఉన్నారో లేదో కొనకముందే చూసుకోండి. ఏడాదికి రెండుసార్లు పంపే ఖర్చు కూడా కలపండి. ఇవన్నీ కలిపాక, తగ్గింపులో ఆదా అయ్యేదాని కంటే ఎక్కువైతే ఆ ఆఫర్ మీకు నిజంగా చౌక కాదు.

8. తేల్చుకోవడం

ఎలా లెక్కేస్తానో కొన్ని సందర్భాలు చెబుతాను. ఆపేసిన సిరీస్‌లోని 210 గ్యూతో, గిన్‌సాన్ ఉక్కు, పెట్టె నలిగింది, మడమ ఫొటో సన్నగా ఉంది, 25 శాతం తగ్గింపు: ఇంట్లో రాయి ఉంటే ఆలోచించకుండా తీసుకుంటాను. జెడ్‌డీపీ189 పెట్టీ 40 శాతం తక్కువకు: ఇప్పటికే రెండు మూడు కత్తులుండి, సాన పట్టడం బాగా వచ్చినవాళ్లు తీసుకోవచ్చు, మొదటి కత్తిగా మాత్రం వద్దు. అలల గీతల సంతోకు, ఉక్కు పేరు లేదు, 60 శాతం తగ్గింపు, గంటలో ఆఫర్ ముగుస్తుంది: ముగిసిపోనివ్వండి. షిరోగామి నకిరి, పైపైన తుప్పు చుక్కలు, వాదర శుభ్రంగా ఉంది, సగం ధర: తడి తుడిచే అలవాటున్న ఇంటికి ఇంతకంటే మంచి బేరం అరుదు.

సందేహం ఒక్క దాని మీదే మిగిలితే అది ఉక్కు మీదైనా, గీతల మీదైనా పెద్దగా పట్టించుకోకండి. మందం మీదైతే మాత్రం వదిలేయండి. ఉక్కు ఒక మెట్టు తక్కువైతే సాన ఇంకోసారి ఎక్కువ పడుతుంది, అంతే. లావుగా ఉన్న కత్తి ప్రతి పూటా చేతికి తెలుస్తూనే ఉంటుంది.

కొన్నారనుకోండి, పార్శిల్ వచ్చిన రోజునే ఏమీ కోయకుండా అయిదో మెట్టులోని పరీక్షలన్నీ చేయండి. వాడిన కత్తిని, సాన పట్టిన కత్తిని చాలా దుకాణాలు వెనక్కి తీసుకోవు. నిటారుగా ఉందా, దీపం పరీక్షలో వెలుతురు కనబడిందా, పిడికీ కత్తికీ మధ్య సందు ఉందా చూసి, తేడా ఉంటే ఆ రోజే ఫొటో తీసి దుకాణానికి పంపండి. అంతా సరిగ్గా ఉంటే కత్తికి పూసి పంపిన నూనెను సబ్బునీళ్లతో మెల్లగా కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ముందు ఒక క్యారెట్ కోసి చూడండి. చప్పుడు వినండి.